కూలిన నాగరికతలు (6వ భాగం): అంగ్‌కోర్ నీటి ముడి

1296లో చైనా యువాన్ చక్రవర్తి పంపిన రాయబార బృందంతో జౌ దాగువాన్ అనే ఉద్యోగి కంబోడియాలోని అంగ్‌కోర్ నగరానికి వచ్చాడు. సుమారు ఏడాది పాటు అక్కడే ఉండి, చూసిందంతా రాసిపెట్టాడు. బంగారు గోపురాలు, ఏనుగు మీద ఊరేగే రాజు, సంతలో బేరసారాలన్నీ నడిపే ఆడవాళ్లు, ఏటా మూడు నాలుగు పంటలు ఇచ్చే పొలాలు అందులో కనిపిస్తాయి. సయాం వాళ్లతో జరిగిన యుద్ధంలో పల్లెలు పాడయ్యాయన్న మాట కూడా ఉంది. కానీ ఈ రాజ్యానికి రోజులు దగ్గర పడ్డాయన్న అనుమానం మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆయన తిరిగి వెళ్లిన నూట యాభై ఏళ్లలోపే రాజధాని దక్షిణానికి తరలిపోయింది. ఏడెనిమిది లక్షల మంది బతికిన ఊరును చెట్లు కమ్మేశాయి. ఈ ధారావాహికలో ఇంతకుముందు సుమేరు ఉప్పు పొలాలను, మాయా నగరాల కరువును చూశాం. అంగ్‌కోర్ కథ వాటికంటే మనకు దగ్గరది. ఎందుకంటే వీళ్లు నీటి పని తెలియని వాళ్లు కాదు. యంత్రాల కాలానికి ముందు ప్రపంచంలో ఇంత విస్తారంగా నీటిని ఏలిన నగరం మరొకటి లేదనే చెప్పాలి. అంత నేర్పున్న వాళ్లు నీటి చేతిలోనే ఎందుకు ఓడిపోయారన్నది ఈ భాగంలో తేల్చుకోవలసిన ప్రశ్న. నేను చెప్పదలచుకున్న జవాబు ఇది: ఐదు వందల ఏళ్లపాటు ప్రతి రాజూ పాత కాలువకు కొత్త కాలువను కలుపుతూ పోయాడు. ఒకచోట తెగితే ఆ దెబ్బను అక్కడికక్కడే ఆపి, మిగతాదాన్ని కాపాడుకునే ఏర్పాటు మాత్రం మిగలలేదు.

ముందు ఆ నేలను చూడాలి. ఉత్తరాన కులెన్ కొండలు, దక్షిణాన తోన్లే సాప్ సరస్సు, మధ్యలో కంటికి తెలియనంత వాలుతో సాగే ఇసుక మైదానం. వానాకాలంలో మెకాంగ్ పొంగితే ఆ సరస్సులోంచి బయటికి పారవలసిన నది వెనక్కి తిరిగి సరస్సులోకే పారుతుంది. సరస్సు ఐదారింతలు పెరిగి పొలాల మీదికి వస్తుంది. వానలు ఆగాక నెలల తరబడి చినుకు ఉండదు. కొన్ని నెలలు నీళ్లను ఎటు పంపాలన్న దిగులు, మిగతా నెలలు నీళ్లు ఎక్కడినుంచి తేవాలన్న దిగులు. చెరువుల కింద బతికిన తెలుగు రైతుకు ఈ దిగులు బాగా తెలిసిందే. 802లో రెండో జయవర్మ కులెన్ కొండల మీద తనను చక్రవర్తిగా ప్రకటించుకోవడంతో ఖ్మేర్ సామ్రాజ్యం మొదలైందని చెబుతారు. ఆ తర్వాత 877లో రాజైన ఇంద్రవర్మ, సింహాసనం ఎక్కగానే ఐదు రోజుల్లో తవ్వకం మొదలుపెడతానని ప్రతిజ్ఞ చేసినట్టు శాసనం ఉంది. ఆ ప్రతిజ్ఞ ఫలితమే 3.8 కిలోమీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు ఉన్న ఇంద్రతటాకం. ఆయన కొడుకు యశోవర్మ దాన్ని చిన్నబుచ్చేలా 7.5 కిలోమీటర్ల పొడవు, 1.8 కిలోమీటర్ల వెడల్పుతో యశోధరతటాకం కట్టించాడు. 11వ శతాబ్దంలో వచ్చిన పశ్చిమ బారాయ్ (ఇలాంటి తటాకాలనే బారాయ్ అంటారు) అంతకంటే పెద్దది. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్లకు పైగా వెడల్పు. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు పట్టేది. మన లెక్కలో ఒకటిన్నర టీఎంసీ పైమాటే.

ఈ బారాయ్‌లను లోతుగా తవ్వలేదు. చుట్టూ మట్టికట్టలు లేపి, నేలమట్టానికి పైన నీటిని నిలబెట్టారు. అందుకే తూము ఎత్తితే చాలు, నీళ్లు వాటంతట అవే పల్లానికి పారేవి. ఉత్తరాన కొండల నుంచి దిగే వాగులను పట్టి, కాలువల్లోకి మళ్లించి, బారాయ్‌లు నింపి, అక్కడినుంచి గుడుల కందకాలకూ పొలాలకూ వదిలి, మిగిలిన దాన్ని సరస్సులోకి తోలేవారు. నేడు అంగ్‌కోర్ మధ్యగా పారే సియెం రీప్ నది చాలావరకు మనుషులు మళ్లించిన కాలువే. పరిశోధకులు విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి తీసిన చిత్రాలను, నేల మీద నడిచి గుర్తించిన కట్టలను కలిపి 2007లో ఒక పటం ప్రచురించారు. అందులో ఈ కాలువలు, కట్టలు, చెరువుల అల్లిక దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. 2012లో లేజర్ కిరణాలతో అడవి కింది నేలను కొలిచినప్పుడు వీధులు, ఇళ్ల దిబ్బలు, ఇంటింటి కుంటలు కూడా బయటపడ్డాయి. ఆ బారాయ్‌లు మేరు పర్వతం చుట్టూ ఉండే సముద్రానికి గుర్తుగా పుణ్యం కోసం కట్టినవేననీ, సాగుకు కావనీ ఒకప్పుడు గట్టిగా వాదించిన పండితులున్నారు. నీరు బయటికి వెళ్లే దారులే లేవన్నది వాళ్ల ఆధారం. తర్వాతి సర్వేల్లో ఆ దారులు దొరికాయి. పుణ్యమూ పంటా ఒకే కట్ట మీద నడవడంలో వింతేమీ లేదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213 నాటికి చేసింది అదే పని: గుడి ఒకవైపు, రామప్ప చెరువు మరోవైపు.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది. కొత్త రాజు వచ్చిన ప్రతిసారీ కొత్త గుడి, దానికి కందకం, దానికి నీరు తెచ్చే కాలువ. యశోధరతటాకానికి నీరు తెచ్చే మళ్లింపు పైన ఉంటే, ఆ తర్వాతి మళ్లింపు దాన్ని ఆధారం చేసుకునే వచ్చింది. రెండో సూర్యవర్మ 12వ శతాబ్దం మొదట్లో అంగ్‌కోర్ వాట్ కట్టించాడు. 1181లో రాజ్యానికి వచ్చిన ఏడో జయవర్మ అంగ్‌కోర్ థోమ్ కోటను, బయోన్ గుడిని, జయతటాకాన్ని, రాజ్యమంతటా 102 ఆరోగ్యశాలలను నిలబెట్టాడు. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి పనీ తెలివైనదే. కానీ ప్రతి కలయికతోనూ ఒక చిన్న మార్పు జరిగింది. మొదట ఒక కాలువ ఒక చెరువును నింపేది. తర్వాత అదే కాలువ రెండింటిని నింపి, వరద వస్తే మూడోదాన్ని కాపాడవలసి వచ్చింది. ఏ భాగమూ తన పని తాను మాత్రమే చేసుకునే స్థితిలో లేదు. వానలు అలవాటైన పరిధిలో పడినంత కాలం ఈ ముడి వరమే. ఒకచోట కొరత వస్తే మరోచోట నుంచి నీరు తేవచ్చు. అందువల్లే ముడి ఇంకా ఇంకా బిగిసింది. ముడి బిగిసేకొద్దీ దాన్ని చూసుకునే ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు శాసనాలకు ఎక్కదు. కొత్త తటాకం తవ్వించిన రాజు పేరు రాతి మీద చెక్కుతారు. పూడిక తీయించిన అధికారి పేరు ఎవరూ చెక్కరు.

ఇక వానల సంగతి. వియత్నాం దక్షిణాన ఎత్తైన కొండల్లో పెరిగే ఒక జాతి సైప్రస్ చెట్లు వందల ఏళ్లు బతుకుతాయి. వాటి కాండంలోని వార్షిక వలయాలను కొలిచి, ఏడు వందల యాభై ఏళ్లకు పైబడిన వానల చరిత్రను 2010లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వానలు బాగున్న ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఏర్పడుతుంది. ఆ లెక్క ప్రకారం 14వ శతాబ్దం మధ్యలో దశాబ్దాల పాటు కరువు నడిచింది. 15వ శతాబ్దం మొదట్లో మళ్లీ మరో కరువు, మరింత తీవ్రంగా వచ్చింది. ఈ రెండింటి నడుమ కుండపోత వానల ఏళ్లు ఉన్నాయి. నాశనం చేసింది ఈ జోడీయే. కరువులో కాలువల్లో ప్రవాహం తగ్గి మట్టి పేరుకుంది, కట్టల మీద కాపలా సడలింది. ఆ తర్వాత వచ్చిన వరద, పూడిన కాలువలో పట్టక కట్ట తెంచుకుంది. తెగినచోట నీరు ఒకేచోట ఉరికి నేలను లోతుగా కోసేసింది. కోసుకుపోయిన ఇసుకంతా కింది కాలువలోకి చేరి దాన్ని పూడ్చింది. దక్షిణపు కాలువల్లో ఒకదాన్ని తవ్వి చూస్తే గండి వరద మోసుకొచ్చిన ముతక ఇసుక పొరలు పొరలుగా నిండి ఉంది. అలా పైన ఒక కాలువ మరీ లోతై, కింద ఒకటి పూర్తిగా పూడి, మధ్యలోని బారాయ్‌కి నీరు ఎక్కకుండా పోయింది. 2018లో కొందరు శాస్త్రవేత్తలు ఈ కాలువల అల్లికను కంప్యూటర్‌లో నమూనాగా కట్టి, వరద పెంచుతూ పోయి చూశారు. ఒక హద్దు దాకా అంతా నిలబడింది. హద్దు దాటాక ఒక కాలువ పాడవడం పక్కదాన్ని పాడుచేసి, అల్లిక మొత్తం ముక్కలైంది.

ఈ విధ్వంసాన్ని కళ్లారా చూడగలిగే చోటు అంగ్‌కోర్ థోమ్‌కు తూర్పున ఉన్న స్పియన్ థ్మా అనే రాతి వంతెన. గుడుల నుంచి తెచ్చిన ఇసుకరాళ్లను పేర్చి కట్టారు దాన్ని. ఏదో గోడకు చెక్కిన శిల్పం ముక్క అడ్డంగానో తలకిందులుగానో వంతెన కమానులో కూర్చుని ఉంటుంది. కొండ నుంచి కొత్త రాయి తెచ్చే స్తోమత ఆ కాలానికి లేదని ఆ రాళ్లే చెబుతున్నాయి. కమానులు సన్నవి, వాటి మధ్య దారులు ఇరుకు. నది ఆ ఇరుకులోంచి వెళ్లలేక వంతెన పక్కనుంచి తన దారి తాను కోసుకుంది. నేడు వంతెన గట్టు మీద ఉంది. నది దాని పక్కన, కొన్ని మీటర్ల కింద పారుతోంది. మరమ్మతు చేసిన మనుషులు అక్కడ ఉన్నారు, కష్టపడ్డారు. పాత గుడిని విప్పి వంతెన కట్టారంటే ఎంత అవసరమో ఊహించవచ్చు. కానీ ఆ మరమ్మతు ఒక్కచోట చేసినది. నది దారి పైన ఎక్కడో తప్పితే ఇక్కడ వంతెన కట్టి లాభం లేకపోయింది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం యుద్ధం. బడి పుస్తకాల్లో 1431 అనే ఏడాది స్థిరపడిపోయింది. ఆ ఏడు సయాం రాజ్యమైన అయుత్థయ సైన్యం అంగ్‌కోర్‌ను కొల్లగొట్టింది కనుక, సామ్రాజ్యాన్ని కూల్చింది శత్రువేనన్నది ఆ వాదన. శత్రువు రాలేదనడం లేదు. అంతకు ముందు 1177లో పొరుగు రాజ్యమైన చంపా సైన్యం నగరాన్ని దోచుకుంది. ఆ తర్వాత ఏడో జయవర్మ దాన్ని మునుపటికంటే ఘనంగా నిలబెట్టాడు. అదే నగరం అదే రకమైన దెబ్బ నుంచి ఒకసారి లేచి, రెండోసారి లేవలేకపోయిందంటే, మధ్యలో లేచే శక్తి ఏమైందని అడగాలి. అంగ్‌కోర్ థోమ్ కోట కందకం అడుగున పేరుకున్న బురదను గొట్టాలతో తీసి, పొరల వారీగా పరీక్షించిన పరిశోధన 2019లో వెలువడింది. కోట చుట్టూ సాగు, కట్టడాల సందడి 14వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే తగ్గుతూ వచ్చింది. ఆ శతాబ్దం ముగిసేసరికి కందకం గుర్రపుడెక్క పెరిగిన మన పాడుపడ్డ చెరువులాగా మొక్కలతో నిండిపోయింది. అంటే అయుత్థయ ఏనుగులు రావడానికి చాలా ముందే కందకాన్ని చూసుకునేవాళ్లు తగ్గిపోయారు. మొదటి దీర్ఘకాల కరువు రావడానికి కూడా ముందే ఈ తగ్గుదల కనిపించడం నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఆధారంగా తోస్తుంది. పెద్దలు, అధికారులు, ధనం అప్పటికే ఇతర ఊళ్లకు, సముద్ర వ్యాపారానికి దగ్గరైన దక్షిణ రేవులకు తరలుతున్నారు. సంరక్షణ ముందు పోయింది. వాన ఆ తర్వాత పరీక్ష పెట్టింది. శత్రువు చివర వచ్చాడు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. అంత ఘోరమైన కరువు, అంత వరద వస్తే ఎవరు తట్టుకోగలరు? అది విధి, దానిలో పాఠమేముంది? దీనికి జవాబు వెతకడానికి మన నేల వైపే చూడాలి, ఎందుకంటే ఆ వానల తేడా కంబోడియాతో ఆగలేదు. బస్తర్‌లోని దండక్ గుహలో సున్నపురాతి పొరలను పరీక్షించినవాళ్లు 14వ శతాబ్దంలో ఇక్కడ కూడా రుతుపవనాలు బలహీనపడ్డాయని తేల్చారు. 1396 నుంచి దక్కన్‌ను ఏళ్ల తరబడి పీడించిన దుర్గాదేవి కరువు జనం నోట నిలిచిపోయింది. దాని పైన తెలుగు నేలకు రాజకీయ ఉత్పాతం కూడా ముందే వచ్చింది. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. రాజ్యం పోవడం, కరువు రావడం రెండూ ఇక్కడ జరిగాయి. అయినా గణపతిదేవుడి కాలపు పాకాల చెరువు, రామప్ప చెరువు నేటికీ పొలాలు తడుపుతున్నాయి. బయ్యారంలో ఆయన సోదరి మైలాంబ తవ్వించిన చెరువు నేటికీ చెరువుగానే ఉంది. కరువులో దక్కన్ ప్రజలు చావలేదని కాదు, లెక్కలేనంత మంది చచ్చిపోయారు. కానీ వాన తిరిగి వచ్చినప్పుడు దాన్ని పట్టడానికి కట్టలు మిగిలాయి. రాజధాని పోయినా చెరువు బతకడానికి కారణం ఆ చెరువును చూసుకునే పని రాజధానిలో లేకపోవడమే. చెరువు తవ్వించినవారికి, బాగుచేసేవారికి దాని కింద భూమిలోనో రాబడిలోనో పదో వంతు దశబంధంగా దక్కేది. తూము ఎత్తి దించి వంతుల ప్రకారం నీరు పంచడానికి ఒక్కో ప్రాంతంలో నీరటికాడనీ నీరుగంటి అనీ పిలిచే మనిషి ఉండేవాడు. పంట కళ్లంలోంచే అతనికి గింజలు అందేవి. కట్ట తెగితే మొదట మునిగేది వాళ్ల పొలాలే, వాళ్ల ఇళ్లే. ఏ రాజు వచ్చినా పోయినా పూడిక తీయకపోతే తిండి ఉండదన్న సంగతి వాళ్లకు తెలుసు.

ఆ కాలపు తెలుగు నేల నీటి విద్యను ఎంత పట్టింపుగా చూసిందో చెప్పే రాయి కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. 1369లో, అంటే అంగ్‌కోర్‌ను కరువు పట్టి పీడిస్తున్న రోజుల్లోనే, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజసాగరం కట్టించి వేయించిన సంస్కృత శాసనం అది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా వరసగా ఉన్నాయి. అంగాల్లో నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండడం ఒకటి. కట్ట గట్టిగా ఉండాలి గానీ మరీ పొడవుగా ఉండకూడదన్నది మరొకటి. దోషాల్లో కట్ట లోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం లెక్కించారు. సాగు నేల ఎక్కువై నీరు చాలకపోవడం దోషమే, చోటు చాలనంత నీరు వచ్చిపడడమూ దోషమే. ఈ చివరి జంట మీద మనసు పెట్టి ఆలోచించాలి. కరువును, వరదను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, ఈ చెరువు తన వాగుకు తగినంతగానే ఉండాలన్న హద్దు గీశారు. సరిహద్దు చెరువును దోషంగా చెప్పడంలో కూడా అదే వివేకం ఉంది: ఎవరు బాగుచేయాలో తేలని నీటివనరు ఎన్నాళ్లో నిలవదు.

ఈ పోలికలో న్యాయం తప్పకూడదు. దక్కన్‌ది ఎగుడుదిగుడు రాతి నేల. ప్రతి లోయా ఒక చెరువుకు సహజంగానే హద్దు గీస్తుంది. అంగ్‌కోర్ మైదానంలో అలాంటి హద్దులు లేవు, ఇసుక నేల వరదకు ఇట్టే కోసుకుపోతుంది. మన గొలుసుకట్టు చెరువుల్లోనూ పై చెరువు తెగితే కింది చెరువు మీద పడుతుంది, అలా వరసగా తెగిన సంఘటనలు ప్రతి పెద్ద వానకూ వింటూనే ఉన్నాం. తేడా ఏమిటంటే, ఆ గొలుసు ఒక వాగు వెంట మొదలై ఆ వాగు దగ్గరే ముగుస్తుంది. దెబ్బ ఆ వాగు దాటి పోదు. దెబ్బ తగిలిన ఊరి చేతిలోనే బాగుచేసే అధికారమూ దానికి కావలసిన రాబడీ ఉండేవి. వలస పాలనలో శిస్తు లెక్కలు మారి, ఇనాములు చెదిరి, పూడిక తీసే బాధ్యత ఊరి చేతినుంచి దూరపు కచేరీకి మారాక అవే చెరువులు వేలకొద్దీ పాడుపడడం చూస్తే, వాటిని వందల ఏళ్లు నిలిపింది రాతి నేల ఒక్కటే కాదని తెలుస్తుంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామని 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టవలసి వచ్చింది. ఒకసారి పూడిక తీయడం మంచిదే. ఏటేటా తీసే మనిషికి కళ్లంలో వాటా ఉన్న ఏర్పాటును మాత్రం ఏ పథకమూ పూర్తిగా తిరిగి తేలేదు.

అసలు అంగ్‌కోర్ కూలనేలేదని అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో చాలా నిజముంది. ఖ్మేర్ జాతి ఎక్కడికీ పోలేదు. భాష పోలేదు. అంగ్‌కోర్ వాట్‌లో పూజ ఆగలేదు. విష్ణువు కోసం కట్టిన గుడిలో బౌద్ధ భిక్షువులు ఉంటూ వచ్చారు. 16వ శతాబ్దంలో మరో రాజు అక్కడ మిగిలిపోయిన గోడల మీద శిల్పాలు చెక్కించాడు కూడా. నమ్ పెన్ ప్రాంతానికి తరలిన రాజధాని చైనాతో వ్యాపారంలో బాగానే సంపాదించింది. పెద్ద గుడికి ధాన్యం మోసే బాధ తప్పిన రైతుకు కొంత ఊరట దక్కి ఉండవచ్చు కూడా. అయితే ఇందులో మనం ఓదార్పు పొందే ముందు ఒకటి గమనించాలి. అప్పటి రైతు నీరు రాని పొలం వదిలి సరస్సు ఒడ్డుకో, దక్షిణానికో వెళ్లి కొత్త పొలం చేసుకోగలిగాడు. ఖాళీ నేల ఉంది, జనం తక్కువ. విజయవాడనో, చెన్నైనో, హైదరాబాద్‌నో అలా వదిలేసి వెళ్లడానికి ఈనాడు ఖాళీ చోటు లేదు. అంగ్‌కోర్ ప్రజలను కాపాడిన ఆ చివరి దారి మనకు మూసుకుపోయింది.

మన చేతిలో ఉపగ్రహాలున్నాయి, సిమెంటుంది, రేపటి వానను ఈరోజే చెప్పగల శాస్త్రముంది, అంగ్‌కోర్‌తో పోలికేమిటని అడగవచ్చు. శాస్త్రం నిజంగానే ఎన్నో ప్రాణాలు కాపాడుతోంది. కానీ శాస్త్రంతో పాటు ముళ్లు కూడా ఎన్నో రెట్లు పెరిగాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల్లో కరెంటు గ్రిడ్ కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉండిపోయారు. ఒక లైను మీద భారం మోయలేనంతై అది ఆగితే, దాని భారం పక్క లైన్ల మీద పడి అవీ ఆగిపోయాయి. ఆ రెండు రోజులూ తెలుగు నేల మీద దీపాలు వెలగడానికి కారణం దక్షిణ గ్రిడ్ అప్పటికి ఉత్తర గ్రిడ్‌తో పూర్తిగా ముడిపడకపోవడం. 2013 డిసెంబరు 31న ఆ ముడి పడింది. దానివల్ల దక్షిణాదికి కొరత కాలంలో కరెంటు తెచ్చుకునే వీలు వచ్చింది, ఆ మేలు చిన్నది కాదు. ముడి వేయకూడదని నేను అనడం లేదు. ముడి వేసినప్పుడే ప్రమాదం వస్తే ఏ భాగాన్ని విడదీసి నిలబెట్టాలో కూడా నిర్ణయించాలి అంటున్నాను. కరెంటు ఇంజనీర్లు దీన్ని ఐలాండింగ్ అంటారు, దాని కోసం పథకాలు రాసుకుంటారు. నీటి విషయంలో ఆ ఆలోచన ఎక్కడుంది?

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విజయవాడలో జరిగింది చూడండి. బుడమేరు పాత దారి నగరం లోంచి కొల్లేరుకు పోతుంది. ఆ దారి ఆక్రమణలతో ఇరుకైంది. వరదను తప్పించడానికి మళ్లింపు కాలువ వేసి, నీటిని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి అదే మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలో కలుస్తోంది. కరువు కాలానికి నీరు తెచ్చే దారి, వరద కాలంలో నీరు పంపే దారి ఒకటే అయ్యాయి. ఆ వారం బుడమేరుకు ఎన్నడూ లేని వరద వచ్చింది, సరిగ్గా అప్పుడే ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నది నిండా ఉంటే కాలువ నీరు ఎటు పోతుంది? మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ వంటి లోతట్టు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇందులో ప్రతి నిర్ణయానికీ విడిగా ఒక మంచి కారణం ఉంది, పాత అంగ్‌కోర్ కాలువలకు ఉన్నట్టే. బుడమేరు, కృష్ణ ఒకేసారి పొంగితే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం నేల మీద జవాబు కట్టి లేదు. భూమి వేడి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా పెరిగింది, ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. నిన్నటి వానల పట్టికలు చూసి కట్టిన తూములు, వంతెనలు, నాలాలు రేపటి వానకు చాలవని దీనర్థం. స్పియన్ థ్మా కట్టినవాళ్లు ఎదుర్కొన్నది ఇదే ఇబ్బంది.

కంబోడియా తన పాఠం తాను నేర్చుకుంది. 2009 నుంచి 2011 వరకు సియెం రీప్ పట్టణం వరదల్లో మునిగాక, అంగ్‌కోర్‌ను చూసుకునే అప్సర సంస్థ పాత కాలువలను వెతికి, పూడిక తీసి, కట్టలు సరిచేసింది. శతాబ్దాల పాటు ఎండి ఉన్న ఏడో జయవర్మ జయతటాకంలో మళ్లీ నీరు నిలుస్తోంది. గుడుల పునాదుల కింది ఇసుక గట్టిగా ఉండాలంటే భూగర్భజలం నిలకడగా ఉండాలి. హోటళ్ల బోర్లు ఆ జలాన్ని తోడేస్తున్న చోట ఈ చెరువులు దాన్ని తిరిగి నింపుతున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి పని నేటికీ అక్కరకు వచ్చిందంటే, పోయింది నీటి విద్య కాదనీ, దాన్ని చూసుకునే ఏర్పాటనీ వేరే చెప్పనక్కరలేదు.

మన ఊళ్లో కొత్త కాలువకో, నదుల అనుసంధానానికో, వరద మళ్లింపుకో శంకుస్థాపన జరిగినప్పుడు పాఠకులు రెండు ప్రశ్నలు అడగాలని నా కోరిక. ఇది తెగితే ఆ నీరు ఎక్కడిదాకా పోతుంది, దాన్ని మధ్యలో ఆపే చోటు ఏది? పదేళ్ల తర్వాత దీని పూడిక తీయవలసిన బాధ్యత ఎవరిది, ఆ డబ్బు ఏ పద్దులో ఉంది? గ్రామసభలో అడగండి, మున్సిపల్ కౌన్సిల్‌లో మీ వార్డు సభ్యుడి చేత అడిగించండి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. జవాబు రాకపోతే వచ్చేదాకా అడగండి. వచ్చే భాగంలో ఈస్టర్ దీవికి వెళ్దాం. అక్కడి ప్రజలు తమ అడవులను తామే నరుక్కుని నాశనమయ్యారన్న ప్రచారంలో నిజమెంతో చూద్దాం.